చీటీ మీద అత్తమ్మ పేరు

పోయిన వారం సరళను వంటింటి గుమ్మంలో, చెవి దగ్గర ఫోనుతో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. భూపాలపల్లి నుంచి చెల్లెలు సింధూజ చేసిన ఫోను అది. "అక్కా, నెలన్నర సంది నువ్వు ఏస్కుంటున్నది తాకత్ గోలి కాదే," అన్న దగ్గర మనం ఆగాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. సరళకు ముప్పై ఆరేళ్లు. జనగామ బడిలో ఆడపిల్లలకు ఖోఖో నేర్పిన వ్యాయామ టీచరు. మూడేళ్ల కిందట చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది గానీ, పోతూ పోతూ ఆమె ఓపికనంతా వెంట తీసుకుపోయింది. తల దువ్వుకుంటే గంటసేపు పడుకోవాలి. ఒకరోజు బట్టలు ఆరేస్తే రెండు రోజులు మంచం దిగలేకపోయేది. ఎన్ని పరీక్షలు చేయించినా అంతా బాగున్నట్టే కాగితాలొచ్చేవి. "మనసుల ఏదో పెట్టుకున్నది," అని చుట్టాలు తేల్చేశారు. మహబూబాబాద్‌లో డాక్టర్ కృపాకర్ ఒక్కడే దానికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు చెప్పి, ఇది నిజమైన జబ్బేనమ్మా అన్నాడు. ఆ మాటకు సరళ ఆయన బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.

నెలన్నర కిందట భర్త విద్యాసాగర్ ఏవో గోలీలు తెచ్చి, ఒంటికి బలమిచ్చే తాకత్ గోలీలని చెప్పి, పడుకునే ముందు ఒకటి వేసుకొమ్మన్నాడు. వేసుకుంది. మెల్లమెల్లగా నిద్ర పట్టింది. పిక్కల్లో నొప్పి సగానికి తగ్గింది. గల్లీ చివరిదాకా నడిచి, మళ్లీ నడిచే వచ్చింది. ఆ సంబరంలో సర్పంచ్ పదవికి నామినేషన్ కూడా వేసేసింది. ఊరి కుర్చీ ఈసారి ఆడవాళ్లకు వచ్చింది మరి. ఇలాంటప్పుడు మన దిక్కు ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. గోడ మీద పేరు భార్యది, మైకు పట్టుకునేది భర్త. విద్యాసాగర్ లెక్క కూడా అదే. గోలీలు పనిచేసి భార్య తానే మాట్లాడతానంటుందని ఆయన అనుకోలేదు.

ఇక ఫోను దగ్గరికి వద్దాం.

"బావ ఈసారి గోలీలు నన్ను కొనమన్నడు. మందుల షాపాయన డాక్టర్ చీటీ సూపియ్యమన్నడక్కా," సింధూజ గొంతు తగ్గించి చెబుతోంది. "సూస్తే పేరు కొమురమ్మ, అరవై ఎనిమిదేండ్లు. 'గింత ముసలమ్మకు డిప్రెషన్ గోలీలెందుకమ్మా' అన్నడు. మీ అత్తమ్మకేమైందోనని నా పానం ఆగమైంది. బావకు ఫోన్ జేస్తే, గవి సరళకే, దానికి మాత్రం చెప్పకు అన్నడు. నేను చెప్పకుంట ఎట్లుంట?"

సరళ ఫోను పెట్టేసి, అరలోని గోలీల ముక్క తీసుకుని ముందువాకిట్లోకి వచ్చింది. ఉదయం పది దాటింది. గేటు బయట ప్రచారం ఆటో వచ్చి నిలబడి ఉంది. ఎవరో మైకు ఊది, "మీ సరళమ్మ, మన సరళమ్మ, బ్యాటు గుర్తు," అని గొంతు సవరించుకుంటున్నారు. అత్తగారు కొమురమ్మ ఎండలో పీట వేసుకుని కందికాయ ఒలుస్తోంది. విద్యాసాగర్ ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, కరపత్రాల కట్ట చంకలో ఇరికించుకుంటున్నాడు.

"నాకిచ్చే గోలి పేరేంది?" అంది సరళ.

"ఏ గోలి? గది... తాకత్ గోలి."

"మల్లొకపారి చెప్పు."

 విద్యాసాగర్ కరపత్రాల కట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. పదేళ్ల కాపురంలో ఆయన అబద్ధం ఆడినప్పుడల్లా చేతిలో వస్తువు చోటు మారుతుందని సరళకు తెలుసు.

"సింధు చెప్పింది. దిగులు జబ్బుకిచ్చే గోలి అంట గది. చీటీ మీద అత్తమ్మ పేరుందంట."

కందికాయ ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి. "నా పేరా? నాకేం రోగంరా సాగరూ?"

"జర ఆగవే అవ్వా." విద్యాసాగర్ గేటు వైపు చూసి, గొంతు దించాడు. "డాక్టర్ కాడికి పోయిన దినం సరళకు కూసునుడే శాతగాలే. కారుల పండుకున్నది. నేనొక్కన్నే లోపలికి పోయిన. ముందుగాల కంపౌండర్ పేరు, వయసు అడిగిండు. నా ఎనుక మనూరోళ్లు ఇద్దరున్నరు. సరళ పేరు నోట్లెకెల్లి రాలే. అవ్వ పేరొచ్చింది."

"నీ పేరు రాలేదా నోట్లకు?" అంది కొమురమ్మ.

"నేను రాజకీయాల్ల తిరిగేటోన్ని. నా పేరు బయటవడితే ఎట్లనే?"

"ఓహో. నాదైతే పడొచ్చన్నట్టు."

ఇంకో రోజయితే సరళ నవ్వేదే. ఈ రోజు నవ్వు రాలేదు. ఒళ్లంతా మండిపోతోంది. "చీటీ సంగతి పక్కకు పెట్టు. మూడేండ్లు అందరు నన్ను మనసు రోగం అన్నరు. నువ్వొక్కనివే నమ్మినవనుకున్న. నువ్వు గూడ లోపల గట్లనే అనుకున్నవన్నట్టు."

"నేనట్ల అనలే."

"అనలేదు. గోలి తెచ్చినవ్."

"చెప్తే ఏస్కుందువా నువ్వు?" ఈసారి విద్యాసాగర్ గొంతు పెరిగింది. "మనసు గోలి అంటే నా మొఖం మీద కొడుదువు. డాక్టర్ అన్నీ చెప్పిండు. నాకు సగమే సమజైంది. ఇంట్ల అందరు పండుకున్నంక నువ్వు నిద్రరాక పిక్కలు పిసుక్కుంట ఏడుస్తుంటే పక్కన కూసున్నది నేను. ఏదో ఒకటి ఏస్తె సాలు అనుకున్న. నీకు బాగైతుంటే ఇంక చెప్పబుద్ధి గాలే."

 మోసం చేసినవాడి మీద కోపం, మంచం పక్కన కూర్చున్నవాడి మీద జాలి, రెండూ సరళకు ఒకేసారి వచ్చాయి. చేతిలో ఉన్న గోలీల ముక్కను వాకిట్లోని గద్దె మీద పెట్టింది. షాపువాడు కత్తెరతో కోసి ఇచ్చిన ముక్క అది. పేరున్న భాగం ఎప్పుడూ ఆమె చేతికి రాలేదు.

"ఇయ్యాల్టి సంది ఏస్కోను," అంది.

అన్న మరుక్షణమే ఆమెకు ఒక సంగతి తట్టింది. తాను నిలబడే ఉంది. ఫోను వచ్చిన దగ్గర నుంచి ఇరవై నిమిషాలు. గోడ పట్టుకోలేదు, కుర్చీ వెతుక్కోలేదు. ఇంత కోపం రెండు నెలల కిందట వచ్చి ఉంటే మాట పూర్తి కాకముందే కుప్పకూలేది. కోపగించుకోవడానికి కూడా ఓపిక కావాలని మంచాన పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఆ ఓపిక వచ్చింది. అదిగో, గద్దె మీద ఉన్న ఆ ముక్కలోంచే వచ్చిందేమో. గుండె దడదడ కొట్టుకుంది. భయంతో కాదు. పరుగు పందెంలో విజిల్ ఊదబోయే ముందు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

"తిట్టుకునుడు అయినంక జర ఆ డాక్టర్‌నే అడుగరాదు," అంది కొమురమ్మ కందికాయల చేట పక్కకు జరుపుతూ. "ఏస్తె ఏమైతదో, మానితే ఏమైతదో ఆయనకే ఎరుక."

రెండోసారి చేసినప్పుడు డాక్టర్ కృపాకర్ ఫోనెత్తాడు. సరళ ఫోనును స్పీకర్ మీద పెట్టి, దాపరికం లేకుండా అంతా చెప్పింది. 

"తప్పు నాది గూడ ఉన్నదమ్మా," అన్నాడాయన. "కారు కాడికి వచ్చి నీతోనే చెప్పాల్సింది. ఓపీల మంది ఉన్నరని మీ ఆయనకు చెప్పి పంపిన. పైన పేరు సూడలే. రేపు మీ అత్తమ్మకు ఏమన్న అయితే, ఆ కాగితం సూసి ఇంకో డాక్టర్ ఆమె గీ గోలీలు ఏస్కుంటదనుకొని వైద్యం జేస్తడు. విద్యాసాగర్, వింటున్నవా?"

విద్యాసాగర్ వింటున్నాడు. చూపు మాత్రం చెప్పుల మీద ఉంది.

"సార్, ఒక్కటే అడుగుత," అంది సరళ. "గోలి మనసుదైతే, నా జబ్బు గూడ మనసుదేనా?"

"పంటినొప్పికి ఏసే గోలి నడుం నొప్పికి గూడ ఏస్తం. అట్లని నడుముల పండ్లు మొలుస్తయా?" కృపాకర్ గొంతులో నవ్వు వినిపించింది. వెంటనే నిదానించాడు. "విను బిడ్డా. దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదుల నీకిచ్చింది చాల చిన్న వంతు. ఆ వంతుల ఇస్తే కొందరికి నిద్ర పడ్తది, నొప్పులు తగ్గుతయి. కొందరికి ఏం పనిచెయ్యది. నీ జబ్బును కుదిర్చే మందైతే ఇప్పటిదాక లేదు, గిది గూడ కుదర్చది. నోరు ఎండుతుందా? పొద్దుగాల తల బరువుంటదా?"

"రెండూ ఉన్నయి. చలికాలమని అనుకున్న."

"గవి గోలితోనే. బరువు గూడ పెరగొచ్చు. ఇవన్ని తెలిసినంక, ఏస్కునుడు మానుడు నీ ఇష్టం. వద్దనుకుంటే నన్నడుగు, ఎట్ల మానాల్నో చెప్త, నీ అంతల నువ్వు ఆపకు. ఏస్కుంటే మాత్రం నీ పేరు మీద ఏస్కో. ఇంకోటి, ఓపికొచ్చిందని ఊరంత తిరగకు. ఇయ్యాల తిరిగిన తిరుగుడు ఎల్లుండి తెలుస్తది."

ఫోను పెట్టేశాక విద్యాసాగర్ కరపత్రాలతో గేటు బయటికి వెళ్లిపోయాడు. బయట మైకులో ఆమె పేరు మళ్లీ మోగింది.

సరళ గద్దె మీద కూర్చుని ఆలోచించింది. మానేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ మళ్లీ ఆ మంచం, మళ్లీ కప్పు మీద పగుళ్లు చూస్తూ పడుకోవడం.  వేసుకుంటే నిద్ర ఉంటుంది, నడక ఉంటుంది, కానీ తెలిసిందంటే పిచ్చిది అంటారు. పోటీలో ఉన్నది శశికళ. జనగామ బస్టాండు దగ్గర మందుల షాపు ఆమె అన్న యాకయ్యది. దగ్గర్లోని రఘునాథపల్లిలో షాపాయన ఆమె భర్తకు జిగ్రీ దోస్తు. గోలీల కోసం భూపాలపల్లిదాకా పోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

కొమురమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది. కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నా పేరే ఉండనియ్ బిడ్డా. ముసల్దాన్ని, నేనేమన్న ఓట్లకు నిలవడ్డనా? పిచ్చి ముసల్ది అంటే అననీ. ఎలచ్చన్లు అయినంక డాక్టర్‌కు చెప్పి మార్పిద్దాం. నువ్వు మంచిగ నడువు, గంతే."

 ఎంత సుళువైన దారి. గోలీ ఉంటుంది, పరువు ఉంటుంది, పది రోజుల తర్వాత కుర్చీ కూడా ఉంటుంది. సరళ అత్తగారి చెయ్యి పట్టుకుని సరేనందామని నోరు తెరిచింది. పదేళ్లుగా ఈ ఇంట్లో తనను ఇంత ప్రేమగా చూసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

సరిగ్గా అప్పుడే గేటు బయటి నుంచి విద్యాసాగర్ గొంతు వినిపించింది. ఆటో దగ్గరున్నవాళ్లతో అంటున్నాడు: "మేడం ఇయ్యాల రాదు. పానం మంచిగ లేదు. ఆమె పేరు మీద నేను మాట్లాడుత, పోదాం పాండ్రి."

సరళ తెరిచిన నోరు మూసింది. అత్తమ్మ పేరు మీద తన గోలీ. తన పేరు మీద భర్త మాట. ఈ ఇంట్లో ఎవరి పేరూ వాళ్ల దగ్గర లేనట్టుంది. ఆమె ఫోను తీసి డాక్టర్‌కు రెండు మాటలు పంపింది: "ఏస్కుంట సార్. నా పేరు మీద చీటీ రాసి పంపండి."

పది నిమిషాల్లో చీటీ ఫొటో వచ్చింది. సరళ చీర కొంగు దోపుకుని గేటు దాటింది.

"ఆటో ఇటు తిప్పు. జనగామ పోదాం," అంది డ్రైవర్‌తో.

"జనగామల మనకు ఓట్లెక్కడియి మేడం?"

"ఓట్లకు కాదు. మందులకు."

విద్యాసాగర్ అడ్డం వచ్చాడు. "సరళా, ఆగమాగం జేయకు. పది దినాలు ఓపిక పట్టు. యాకయ్య షాపుకు పోతవా? మన కొంప మనమే కాల్సుకుంటమా?"

"నాకున్న ఓపికే జరంత. దాన్ని గోలి సంగతి దాసిపెట్టుడుకు ఖర్చు పెట్ట," అంది సరళ. "నువ్వు రాకు. ఇంటికాడ ఉండు."

కొమురమ్మ అప్పటికే ఆటో ఎక్కేసింది. కోడలి తల పెట్టుకోవడానికి ఒడి సవరించుకుంది. డాక్టర్ చెప్పిన మాట గుర్తుంది కాబట్టి సరళ దారి పొడవునా కళ్లు మూసుకుని పడుకునే ఉంది. ఊరి పొలిమేర దాటగానే డ్రైవర్ మైకు కట్టేశాడు. కట్టేసిన మైకు కింద తన ఫొటో గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వింటుంటే ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది. ఆటల పోటీలకు పిల్లల్ని తీసుకుపోయిన రోజుల్లో ఇలాగే హుషారుగా ఉండేది. ఆ హుషారు చచ్చిపోయిందనుకుంది. చావలేదు.

యాకయ్య షాపు ముందు పదిమందిదాకా ఉన్నారు. సరళను చూడగానే ఇద్దరు పక్కకు జరిగారు. గోడల మీద ఫొటో ఉన్న మనిషి కదా. యాకయ్య కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"రా అక్కా. బాగున్నవా? ఏం గావాలె?"

సరళ ఫోను కౌంటరు మీద పెట్టింది. యాకయ్య చదివాడు. పైన పేరు చదివాడు, కింద మందు చదివాడు, మళ్లీ పైకి వెళ్లి పేరు చదివాడు. మెడ ముందుకు చాచి గుసగుసగా అన్నాడు: "అక్కా, గివి ఏం గోలీలో నీకెరికేనా?"

"ఎరికే."

"బిల్లు మీద పేరు రాయాల్నా? ఊకనే కట్టియ్యాల్నా?"

అది మంచితనమో, వలో సరళకు తెలియలేదు. యాకయ్య ముఖం చూస్తే ఆయనకూ తెలిసినట్టు లేదు. ఆమె కౌంటరు అంచు పట్టుకుంది.  ఇంకో ఐదు నిమిషాలు నిలబడగలదు, అంతే.

"రాయి," అంది, ఖోఖో మైదానంలో అవతలి చివరిదాకా వినిపించే గొంతుతో. "సరళ, ముప్పై ఆరేండ్లు. దిగులు జబ్బు గోలీలు. నాకు దిగులు లేదు, ఉన్నా సిగ్గువడను. నాకు ఒంట్ల ఓపిక లేని జబ్బున్నది. గిది ఏస్కుంటే నిద్ర పడ్తుంది, నడుస్తున్న. గంతే."

 వెనుక ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. కొమురమ్మ చూసింది, అడ్డుకోబోయింది. సరళ వద్దని తల ఊపింది. యాకయ్య బిల్లు మీద ఒక్కో అక్షరం మెల్లగా రాశాడు. కత్తెర తీయబోయి, ఆగి, కోయకుండా అట్ట మొత్తం కవర్లో పెట్టి ఇచ్చాడు.

తిరుగుదారిలో సరళ ఒళ్లు బస్తాలా బరువెక్కింది. రేపు, ఎల్లుండి మంచం తప్పదని తెలుస్తూనే ఉంది. అయినా ఆమె చెయ్యి కవరును వదల్లేదు. దారిలోని రఘునాథపల్లి వచ్చేసరికే తమ ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో తిరుగుతోందని డ్రైవర్ అద్దంలోంచి భయంభయంగా చెప్పాడు. ఆ వెంటనే ఫోను మోగింది. విద్యాసాగర్. తిట్లకు సిద్ధపడి సరళ ఫోనెత్తింది.

తిట్లు లేవు. ఆయన గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"యాడున్నవ్? జల్ది రా. శశికళ వచ్చింది."

"మందితోనా?"

"ఒక్కతే. ఎనుక దర్వాజకెల్లి వచ్చింది. వీడియో సూసిందంట. లొల్లి జేస్తదనుకున్న. మంచినీళ్లడిగి తాగింది. కూసుంది." విద్యాసాగర్ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ గోలి పేరేందని అడుగుతుంది సరళా. ఏడాది సంది నిద్ర లేదంట. మా అన్న షాపుల అడగలేను, మా ఆయనకు తెల్వొద్దు అని నా ముంగట ఏడుస్తుంది. గిది ఎత్తుగడో, నిజమో నాకైతే సమజైతలేదు. ఏం జెప్పాలె?"

సరళ అత్తగారి ఒళ్లోంచి తల ఎత్తి, శక్తినంతా కూడగట్టుకుని లేచి కూర్చుంది.

"గోలి పేరు చెప్పకు, అది డాక్టరే చెప్పాలె," అంది. "ఆమెను మాత్రం పోనియ్యకు. నేనొస్తున్న."